లక్షద్వీప్: ఎనిమిది వేల ఎకరాల నేల, నాలుగు లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రం

2024 జనవరిలో ప్రధాని లక్షద్వీప్ ఒడ్డున దిగిన ఫొటోలు బయటికి రాగానే ‘ఇక మాల్దీవులు ఎందుకు’ అన్న మాట దేశమంతా మోగింది. ఫోన్లో టికెట్ల కోసం వెతికినవాళ్లకు అప్పుడు తెలిసింది: అక్కడికి సొంత దేశస్థుడు వెళ్లాలన్నా ముందుగా అనుమతి పత్రం కావాలి, విమానం దిగేది ఒకే ఒక్క దీవిలో, బస గదులు బహు తక్కువ. ఇదంతా అధికారుల బద్ధకమేనని అనుకోవడం తేలిక. అందులో కొంత నిజం ఉండొచ్చు గానీ, అసలు కారణాలు నేలలోనూ నీళ్లలోనూ చట్టంలోనూ ఉన్నాయి. ఈ దీవులను అర్థం చేసుకోవడానికి దగ్గరి దారి వాటి ఇరుకులను ఒక్కొక్కటిగా చూడటం. నీటికి ఒక ఇరుకు, ఓడకు ఒకటి, చేపకు ఒకటి, అధికారానికి ఇంకొకటి. ఒకచోట పడిన ముడి మరోచోట బిగుస్తుంది.

పేరులో లక్ష, లెక్కకు ముప్ఫై ఆరు

అధికారిక లెక్క 36 దీవులు. వాటిలో జనం ఉండేవి పది: కవరత్తి, అగత్తి, అమిని, కద్మత్, కిల్తాన్, చెట్లత్, బిత్ర, ఆండ్రోత్, కల్పేని, మినికోయ్. అన్నీ కలిపితే నేల 32 చదరపు కిలోమీటర్లు, అంటే సుమారు ఎనిమిది వేల ఎకరాలు. 2011 జనగణనలో జనాభా 64,473. చదరపు కిలోమీటరుకు రెండు వేల మందికి పైనే. అన్నింటికంటే పెద్దదైన ఆండ్రోత్ కూడా ఐదు చదరపు కిలోమీటర్లు లేదు. అయితే ఈ చుక్కల చుట్టూ మన దేశానికి దక్కే ప్రత్యేక ఆర్థిక మండలం, అంటే చేపల మీదా అడుగునున్న ఖనిజాల మీదా మనకే హక్కు ఉండే సముద్రం, నాలుగు లక్షల చదరపు కిలోమీటర్లు. ఢిల్లీకి ఈ దీవుల మీద ఉన్న శ్రద్ధలో ఎక్కువ పాలు ఆ రెండో అంకెది. పైగా మినికోయ్‌ను మిగతా దీవుల నుంచి విడదీసే తొమ్మిది డిగ్రీల జలమార్గం గుండా అంతర్జాతీయ సరుకు ఓడలు బారులు తీరి పోతుంటాయి.

ఇవి పగడపు దీవులు. సముద్రంలో మునిగిన పర్వత శ్రేణి శిఖరాల మీద పగడం పేరుకుంటూ ఉంగరం ఆకారంలో దిబ్బలు లేచాయి. దిబ్బకూ దీవికీ మధ్య నిలిచే లోతు తక్కువ నీటినే లగూన్ అంటారు. పటం చూస్తే ఒక వింత కనిపిస్తుంది: దాదాపు ప్రతి దీవీ ఉంగరానికి తూర్పు అంచున ఉంటుంది, లగూన్ పడమట ఉంటుంది. నైరుతి రుతుపవనాల అలలు పడమటి దిబ్బను కొట్టి అక్కడే బలం కోల్పోతాయి. అవి విరిచి తెచ్చిన పగడపు ముక్కలు, ఇసుక తూర్పు అంచున సర్దుకుంటాయి. అలా పోగైన కుప్పే ఊరు. ఆండ్రోత్ మాత్రం తూర్పు పడమరలుగా సాగి, చెప్పుకోదగ్గ లగూన్ లేకుండా ఉంటుంది. బిత్రలో నేల 0.10 చదరపు కిలోమీటరు, లగూన్ మాత్రం 45 చదరపు కిలోమీటర్లు. 2011లో అక్కడి జనం 271.

నేల ఎత్తు చాలాచోట్ల సముద్ర మట్టానికి ఒకటి రెండు మీటర్లే. కాబట్టి ఒడ్డున ఇసుక తవ్వడం, దిబ్బలో రాయి కొట్టడం ఇక్కడ ఇంటి పునాది తవ్వుకోవడంతో సమానం. దిబ్బ బతికి ఉంటేనే అల విరుగుతుంది. సముద్రం వేడెక్కి 1998, 2010, 2016 సంవత్సరాల్లో పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడి చచ్చాయి. బంగారం అనే దీవి ఉన్న అటాల్‌లోని (ఉంగరం ఆకారపు పగడపు దిబ్బలోని) పరళి-1 అనే చిన్న దీవి అలల కోతకు పూర్తిగా పోయిందని 2017లో తేలింది. ఇప్పటికీ పుస్తకాల్లో 36 అనే ఉంటుంది.

తీపి నీటి పొర

ఏడాదికి వాన దాదాపు 1,600 మిల్లీమీటర్లు పడుతుంది. కోస్తాంధ్రలో పడేదానికంటే ఎక్కువే. అయినా ఒక్క ఏరు లేదు, వాగు లేదు, చెరువులు లేవనే చెప్పాలి. నేల మొత్తం పగడపు ఇసుక. పడ్డ వాన పడ్డట్టే ఇంకిపోతుంది. ఇంకిన తీపి నీరు కింద ఉన్న ఉప్పు నీటి మీద పొరలా తేలుతుంది. ఉప్పు నీరు తీపి నీటి కంటే సుమారు రెండున్నర శాతం బరువు. అందువల్ల బావి మట్టం సముద్రం కంటే ఒక సెంటీమీటరు ఎత్తున ఉంటే, కింద నలభై సెంటీమీటర్ల మందాన తీపి నీరు ఉందని లెక్క. ఇది కాగితం మీది లెక్క. పోటూ పాటూ రోజుకు రెండేసి సార్లు ఆ పొరను కుదుపుతుంటాయి కనుక నిజంగా చేతికందేది అంతకంటే పలచన.

ఇదే లెక్కను తిరగేసి చదివితే ప్రమాదం అర్థమవుతుంది. మోటారు పెట్టి మట్టాన్ని ఒక్క సెంటీమీటరు దించితే, కింది నుంచి ఉప్పు నీరు నలభై సెంటీమీటర్లు పైకి పొడుచుకొస్తుంది. చేదతో తోడినన్నాళ్లూ పొర తట్టుకుంది. బకెట్టు బకెట్టుకూ నడుమ నీరు పక్క నుంచి ఊరేది. విద్యుత్ మోటారు వచ్చాక ఒకేచోట గంటసేపు లాగుతుంటే బావి నోట్లోనే ఉప్పు తేలుతుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్లీ తీపి కావాలంటే మరో వానాకాలం దాకా ఆగాల్సిందే.

రెండో చిక్కు మరుగుదొడ్డి. చిన్న పెరట్లో బావికీ మురుగు గుంటకూ మధ్య దూరం తక్కువ. ఇసుక నీటిని వడకట్టే లోపే మురుగు బావిని చేరుతుంది. ఒండ్రు నేలల్లో మట్టి చేసే వడపోత ఇక్కడ జరగదు. అంటే నీరు ఉప్పు కాకపోయినా తాగడానికి పనికొస్తుందన్న భరోసా లేదు. ఇంటి పైకప్పు మీది వాననీటిని తొట్టెలోకి పట్టుకోవడం అందుకే అక్కడ తప్పనిసరి జాగ్రత్త.

ఈ ముడిని విప్పడానికి చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005లో కవరత్తిలో ఒక యంత్రం పెట్టింది. దాని సూత్రం తేలికైనదే. పైన సముద్రపు నీరు 28 డిగ్రీల వెచ్చదనంతో ఉంటుంది; 350 మీటర్ల లోతున 12, 13 డిగ్రీలు. పై నీటిని గాలి తీసేసిన తొట్టిలోకి వదులుతారు. లోపలి పీడనం మామూలు గాలి పీడనంలో ముప్ఫయ్యో వంతుకు పడిపోతే ఆ 28 డిగ్రీల నీరే మరుగుతుంది. లేచిన ఆవిరిని లోతు నుంచి తెచ్చిన చల్లటి నీటి గొట్టాల మీదుగా పంపితే తీపి నీరై దిగుతుంది. పొర వడపోతల గొడవ లేదు, రసాయనాలు లేవు. దీవి అంచు దాటగానే సముద్రం నిటారుగా లోతుకు పోతుంది కనుక గొట్టం కిలోమీటర్ల కొద్దీ వేయనక్కర్లేదు. ఇదే యంత్రం మన తూర్పు తీరంలో పెట్టాలంటే అంత లోతు కోసం చాలా దూరం పోవాలి.

కవరత్తి యంత్రం రోజుకు లక్ష లీటర్లు ఇస్తుంది. 2011లో అగత్తి, మినికోయ్‌లలో అలాంటివే వచ్చాయి. తర్వాత మరో ఆరు దీవులకు లక్షన్నర లీటర్లవి తలపెట్టారు. కద్మత్‌ది 2024 జనవరిలో మొదలైంది. లక్ష లీటర్లంటే ఘనంగానే వినిపిస్తుంది. కవరత్తి జనాభా 11 వేలు. తలకు తొమ్మిది లీటర్లు! తాగడానికీ వంటకూ సరి, స్నానానికి మళ్లీ బావే. ఇంకో కిటుకు ఉంది. నూరు లీటర్ల సముద్రపు నీరు తోడి లోపలికి పంపితే ఆవిరయ్యేది ఒక లీటరు మించదు. మిగతా 99 లీటర్లనూ ఊరికే తోడి పారబోయాలి. ఆ పంపులు నడిచేది కరెంటుతో, ఆ కరెంటులో అత్యధికం డీజిల్ జనరేటర్లది, ఆ డీజిల్ వచ్చేది ఓడలో. అందుకే సముద్రపు ఉష్ణోగ్రతల తేడాతోనే కరెంటు కూడా పుట్టించే ప్లాంటును కవరత్తిలో తలపెట్టారు.

ఓడ రాకపోతే

మెయిన్‌ల్యాండ్‌కు దగ్గరివైన ఆండ్రోత్, కల్పేని కొచ్చి నుంచి మూడు వందల కిలోమీటర్ల లోపు ఉంటాయి. కవరత్తి 404, అగత్తి 459, బిత్ర 483. ప్రయాణికుల ఓడకు దీవిని బట్టి 14 నుంచి 18 గంటలు పడుతుంది. వాటిలో పెద్దది, 700 మందిని ఎక్కించుకునే ఎంవీ కవరత్తి, విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో తయారైంది. 2021 చివర్లో దాని ఇంజను గదిలో మంటలు లేచాయి. ఉన్న కొద్ది ఓడల్లో ఒకటి మూలపడితే ఇక్కడ జరిగేది బస్సు రద్దవడం లాంటిది కాదు. కాలేజీ పిల్లలు, శస్త్రచికిత్సకు వెళ్లాల్సినవాళ్లు, సెలవు ముగిసిన ఉద్యోగులు అందరూ ఒకే టికెట్ల వరుసలో పడతారు.

ఓడ వచ్చినంత మాత్రాన దిగిపోవడమూ కుదరదు. పెద్ద ఓడ దిబ్బ దాటి లగూన్‌లోకి రాలేదు. బయటి లోతులో ఆగితే, చిన్న పడవలు దాని పక్కకు చేరి మనుషుల్నీ మూటల్నీ దింపుకుంటాయి. అల పైకి లేచిన క్షణంలో పడవ అంచు, ఓడ తలుపు ఒక మట్టానికి వస్తాయి. అడుగు వేయాల్సింది అప్పుడే. నైరుతి గాలి ఉధృతంగా ఉన్నప్పుడు పడమటి వైపు ఇది అసాధ్యం. అందుకని కొన్ని దీవుల్లో తూర్పు ఒడ్డున జెట్టీలు కట్టారు. మే నడుమ నుంచి సెప్టెంబరు నడుమ దాకా చెక్క ఓడల రాకపోకలు ఆగిపోతాయి కనుక బియ్యం, సిమెంటు, డీజిల్ అంతకు ముందే గోదాములకు చేరాలి. ఏప్రిల్‌లో జరిగిన పొరపాటు జూలైలో వంటింట్లో తెలుస్తుంది.

విమానం సంగతి అగత్తితో మొదలై అక్కడే ఆగుతుంది. 1988లో తెరిచిన ఆ రన్‌వే పొడవు సుమారు 1,200 మీటర్లు, రెండు కొసల్లోనూ సముద్రం. ఏటీఆర్ తరహా చిన్న విమానాలే దిగుతాయి, అవి కూడా నిండా బరువెత్తుకుని లేవలేవు. రోగిని అత్యవసరంగా కొచ్చికి తరలించాలంటే హెలికాప్టర్, దానికి వాతావరణం ఒప్పుకోవాలి. ఒక్క ఇంటర్నెట్ విషయంలోనే ఇరుకు నిజంగా సడలింది: అంతకుముందు అంతా ఉపగ్రహం మీదే, 2024 జనవరిలో కొచ్చి నుంచి 1,868 కిలోమీటర్ల కేబుల్ సముద్రం అడుగున 11 దీవులకు చేరింది.

గాలం, పొగ, ఎండ

నేల మీద పండేది కొబ్బరి, అంతే అన్నా తప్పు లేదు. చెట్లు మరీ దగ్గర దగ్గరగా ఉంటాయి. పాములు దాదాపు లేని నేల కనుక ఎలుకలది రాజ్యం. ఒక మట్ట నుంచి ఇంకో చెట్టు మట్టకు దూకుతూ లేత కాయలు కొరికేస్తాయి. పీచుతో తాడు పేనడం ఒకప్పుడు ఆడవాళ్ల ప్రధాన ఆదాయం. అప్పట్లో ఈ దీవులను ఏలిన కన్నూరు అరక్కల్ రాజవంశం పీచు వ్యాపారాన్ని గుత్తాధిపత్యం చేసి, బదులుగా బియ్యం కొలిచి ఇచ్చేది. ధర ఇద్దరి తరఫునా ఒక్కరే నిర్ణయిస్తే ఏమవుతుందో అదే అయింది: ఉత్తరాన అమిని వైపు దీవులవాళ్లు తిరగబడి టిప్పు సుల్తాన్ పక్షం చేరారు.

ఇప్పటి అసలు సంపద ట్యూనా, మన జాలరులు సూర అనే జాతి. ఇక్కడ పట్టేది వలతో కాదు, గాలంతో. తెల్లవారుజామున లగూన్‌లో వేలెడంత ఎర చేపల్ని సన్నవలతో పట్టి, పడవ మధ్యలోని తొట్టిలో ప్రాణంతోనే ఉంచుతారు. అడుగున చిల్లుల గుండా సముద్రపు నీరు మారుతుంటుంది. బయటి సముద్రంలో పక్షులు గుంపుగా మునిగి లేస్తున్నచోట చేపల మంద ఉన్నట్టు. అక్కడ ఒకరు ఎర చేపల్ని గుప్పెళ్లతో చల్లుతారు, ఇంకొకరు నీళ్లు చిమ్ముతారు. నీటి మీద ఆ చిటపటలకు ట్యూనా అయోమయంలో పడి ఏది కదిలితే దాన్ని పట్టుకుంటుంది. వెనక వరుసగా నిలబడ్డవాళ్ల గాలాలకు ముల్లు ఉండదు. చేప కరవగానే గెడను తల మీదుగా వెనక్కి విసిరితే అది దానంతటదే ఊడి పడవలో పడుతుంది, మరుక్షణం గాలం మళ్లీ నీటిలో ఉంటుంది. మినికోయ్‌లో తరాల నుంచి ఉన్న ఈ పని, 1960లలో ఇంజను పడవలు వచ్చాక మిగతా దీవులకూ పాకింది.

ఇందులో వలకు చిక్కే తాబేళ్లు, డాల్ఫిన్ల బెడద లేదు. అయితే మొత్తం వేట ఎర చేపల మీద ఆధారపడింది, ఎర చేపలు పగడం మీద ఆధారపడ్డాయి. పగడం తెల్లబడితే, లేదా లగూన్‌లో తవ్వకాలతో నీరు బురదైతే, నడి సముద్రంలో ట్యూనా ఎంత ఉన్నా పడవ బయల్దేరదు. ఎర దొరకని రోజు అంటే వేట లేని రోజు.

తెచ్చిన చేపను నిలవ చేయడానికి మంచు చాలదు. మినికోయ్ వాళ్ల జవాబు ‘మాస్’. తల, పేగులు తీసి, వెన్నెముకకు ఇరువైపులా కండను నాలుగు పొడవాటి ముక్కలుగా కోస్తారు. ఉప్పు నీటిలో ఉడికిస్తారు. ఎముకలు ఏరేసి, కొబ్బరి డొక్కల పొగ మీద ఆరబెడతారు. తర్వాత రోజుల తరబడి ఎండ. ముక్కకు ముక్క తగిలిస్తే కర్రల్లా చప్పుడవ్వాలి. ఉడక్క ముందే పొగకు ఎక్కించినా, ఎండే దశలో వాన చినుకు పడినా బూజు పడుతుంది, రేటు సగానికి పడుతుంది. ఐదు కిలోల పచ్చి చేపకు మిగిలేది రమారమి ఒక కిలో. అది కొచ్చి, మంగళూరు, తూత్తుకుడి వర్తకుల చేతికి, అక్కణ్ణుంచి ఎక్కువగా శ్రీలంక వంటిళ్లకు పోతుంది. శ్రీలంక రూపాయి తుమ్మితే అగత్తిలో జలుబు చేసేది అందుకే. నాణ్యమైన చేపను తాజాగా విమానంలో జపానుకు పంపితే కోట్లు వస్తాయన్న ప్రణాళికలు మళ్లీ మళ్లీ పుడుతుంటాయి. మంచు, కరెంటు, రన్‌వే మూడూ ఒకేసారి ఉండాలన్న దగ్గర ఆగిపోతుంటాయి.

మినికోయ్ గురించి ఒక మాట. మిగతా దీవులు మలయాళపు యాస అయిన జెసెరి మాట్లాడితే, ఇక్కడి భాష మహల్, మాల్దీవుల దివేహీకి తోబుట్టువు, లిపి తానా. పదకొండు ఊళ్లుగా పంచుకుని, ఊరి పనులన్నీ ఉమ్మడిగా నడుపుకుంటారు. మగవాళ్లలో చాలామంది సరుకు ఓడల మీద నావికులు. ఇక అన్ని దీవుల్లోనూ అతి పెద్ద యజమాని ప్రభుత్వం. జీతం, పెన్షన్, రోజుకూలీ, సబ్సిడీ బియ్యం, సబ్సిడీ టికెట్టు అన్నీ అటు నుంచే. అందువల్ల ఓ వెయ్యి తాత్కాలిక ఉద్యోగాలు తీసేస్తే దాన్ని పొదుపు అని కాగితం మీద రాసుకోవచ్చు, ఊరి బజారుకు మాత్రం అది కరువే.

శాసనసభ లేని చోట శాసనం

1953 దాకా ఆంధ్రులూ ఈ దీవులవాళ్లూ ఒకే మద్రాసు రాష్ట్రంలో ఉన్నారు. ఉత్తరాది అమిన్‌దీవి దీవులు దక్షిణ కెనరా జిల్లాలో, మిగతావి మలబారు జిల్లాలో ఉండేవి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌ను పుట్టించిన రాష్ట్రాల పునర్విభజన చట్టమే ఈ రెంటినీ కలిపి కేంద్రపాలిత ప్రాంతం చేసింది. తమాషా ఏమిటంటే 1964 దాకా దాని ముఖ్య కార్యాలయం కోజికోడ్‌లో ఉండేది, అంటే ప్రాంతానికి బయట! తర్వాతే కవరత్తికి మారింది. లక్షద్వీప్ అన్న పేరు 1973లో వచ్చింది.

ఇక్కడ ముఖ్యమంత్రి లేడు, శాసనసభ లేదు, శాసనసభ లేదు కనుక రాజ్యసభ సీటూ లేదు. రాష్ట్రపతి నియమించే అడ్మినిస్ట్రేటర్ కేంద్ర హోం శాఖకు జవాబుదారీ. రాజ్యాంగం 240వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి ఈ ప్రాంతానికి ‘రెగ్యులేషన్’ జారీ చేయవచ్చు. దానికి పార్లమెంటు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. ఈ ప్రాంతం మేరకు పార్లమెంటు చేసిన చట్టాన్నే రద్దు చేయగలదు, మార్చగలదు. ముసాయిదా తయారీ నుంచి జారీ దాకా ఎన్నికైన సభలో ఓటు పడాల్సిన చోటు ఒక్కటీ లేదు. 1994 రెగ్యులేషన్‌తో జిల్లా పంచాయతీ, దీవికొక పంచాయతీ వచ్చాయి, విద్య, వైద్యం, మత్స్యశాఖ పనులు వాటికి అప్పగించారు. అప్పగించిన దాన్ని ఒక ఉత్తర్వుతో వెనక్కి తీసుకోవచ్చన్నది 2021లో తెలిసొచ్చింది.

ఆ ఏడాది అడ్మినిస్ట్రేటర్ ప్రఫుల్ ఖోడా పటేల్ హయాంలో వరుసగా ముసాయిదాలు వచ్చాయి: అభివృద్ధి పేరిట ఏ భూమినైనా ప్రణాళిక ప్రాంతంగా ప్రకటించే అధికారం, పంచాయతీకి పోటీ చేయాలంటే ఇద్దరు పిల్లల నిబంధన, గోవధ నిషేధం, ముందస్తు నిర్బంధానికి వీలిచ్చే చట్టం. వెంటే బడి భోజనంలో మాంసం ఆపేయడం, ప్రభుత్వ పాడి ఫారాల మూసివేత. జనాభాలో 96 శాతం ముస్లింలు, నూటికి తొంభై నాలుగు మంది షెడ్యూల్డ్ తెగలవారు ఉన్నచోట ఇది ఎలా వినిపిస్తుందో ఊహించవచ్చు. సభ లేదు కనుక గొడవ నేరుగా కోర్టుకెక్కింది. ఈ దీవుల మీద అధికారం కేరళ హైకోర్టుది. అది పాడి ఫారాలు, మాంసం ఉత్తర్వులపై స్టే ఇచ్చింది. 2023లో సుప్రీంకోర్టు ఇవి విధాన నిర్ణయాలని చెప్పి జోక్యం చేసుకోలేదు. ఉన్న ఒకే ఒక్క రాజకీయ గొంతు లోక్‌సభ సభ్యుడు. ఓటర్లు 60 వేల లోపు, దేశంలోకెల్లా చిన్న నియోజకవర్గం. 1967 నుంచి వరుసగా పదిసార్లు గెలిచిన పి.ఎం. సయీద్ 2004లో ఓడింది 71 ఓట్లతో.

భూమి దగ్గర చట్టం, ఆచారం మరింత చిక్కుపడ్డాయి. మతం ఇస్లాం, వంశక్రమం తల్లి వైపు. తరవాడు, అంటే తల్లి వైపు ఉమ్మడి కుటుంబం, ఆస్తిని ‘శుక్రవారం ఆస్తి’ అంటారు, అది తల్లి నుంచి కూతుళ్ల సంతానానికి సాగుతుంది, పంచుకోవడానికి వీల్లేదు. సొంతంగా సంపాదించింది ‘సోమవారం ఆస్తి’, దానికి ఇస్లామిక వారసత్వం. ఇవి కాక పూర్వం అరక్కల్ వారి కింద ఉండి, తర్వాత సర్కారుకు వచ్చి, కౌలుదారుల చేతిలో తరాలుగా ఉన్న ‘పండారం’ భూములు వేరే. రిసార్టుకో, రోడ్డుకో స్థలం కావాలన్నప్పుడు కాగితం మీద సర్కారుదిగా కనిపించే ఎకరంలో నిజానికి ఎవరి కొబ్బరి చెట్లో ఉంటాయి. తగాదా అక్కడే మొదలవుతుంది.

ఇక బయటివారి అనుమతి. 1967 నాటి ప్రవేశ, నివాస నియంత్రణ నియమాల ప్రకారం దీవుల్లో పుట్టనివారు పర్మిట్ లేకుండా అడుగు పెట్టకూడదు. పని వరుస ఇది: ముందు బస లేదా ప్రభుత్వ టూర్ ప్యాకేజీ ఖాయం చేసుకోవాలి, లేదా దీవివాసి ఎవరైనా పూచీ ఉండాలి, పోలీసు క్లియరెన్స్ పత్రం తీసుకోవాలి, తర్వాత ఆన్‌లైన్‌లో దరఖాస్తు. ఏయే దీవులో పేర్లు రాసి ఇస్తారు, రాయని దీవిలో దిగనివ్వరు. ముందే విమానం టికెట్టు కొని పర్మిట్ కోసం చూసేవాళ్లు డబ్బు పోగొట్టుకునేది ఈ వరుస తిరగబడినందుకే. మద్యం బంగారం దీవిలో తప్ప ఎక్కడా అనుమతించరు.

ఈ ఇరుకులన్నీ ఒక్కచోట కలిసిన సంగతి తెగల జాబితాలో ఉంది. దీవుల్లో పుట్టి, తల్లిదండ్రులిద్దరూ దీవుల్లోనే పుట్టినవారినే అక్కడ షెడ్యూల్డ్ తెగగా గుర్తించేవారు. కాన్పు కష్టమవుతుందని తేలిన గర్భిణిని నెలలు నిండకముందే ఓడెక్కించి కొచ్చికో కోజికోడ్‌కో పంపడం మామూలు. బిడ్డ అక్కడి ఆసుపత్రిలో పుట్టేది. పుట్టిన ఊరు మెయిన్‌ల్యాండ్ అయినందుకు ఆ బిడ్డకు తెగ ధ్రువపత్రం, దాంతో వచ్చే సీటూ ఉద్యోగమూ అందేవి కావు. ప్రసూతి వార్డు లేని లోటును సరిదిద్దడానికి చివరికి పార్లమెంటు కదలాల్సి వచ్చింది: బయట పుట్టినా, తిరిగివచ్చి దీవుల్లో స్థిరపడే బిడ్డను దీవిలో పుట్టినట్టే లెక్కించాలని 2008లో చట్టం సవరించారు.